కొండా వారి ఇంటిపేరు - మన జిల్లా పేరు

తెలుగునాట కొండ అనే మాటతో కూడిన ఊళ్లకు కొదువలేదు. గోల్కొండ, నల్లగొండ, దేవరకొండ, కొండపల్లి అన్నీ అటువంటివే. ఇంటిపేరుగా కూడా అది వేర్వేరు కులాలవారిలో ఉంది. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకొన్న కొండా లక్ష్మణ్ బాపూజీ గారిదీ, కొండా వెంకట రంగారెడ్డి గారిదీ ఇంటిపేరు ఒకటే గాని కుటుంబాలు వేరు. ఊరికి కొండ పేరు రావడం మామూలే. ఒక కొండా వారి పేరు జిల్లాకే రావడం విశేషం. అందునా ఆయన మనకు పొరుగు ఊరి పెద్దమనిషి. మన హిమాయత్‌నగర్, ఆయన పుట్టిన పెద్దమంగళారం రెండూ మొయినాబాద్ మండలంలోనివే.

శ్రీ రంగారెడ్డి గారు 1890 డిసెంబరు 12న జన్మించారు. నిజాం కాలంలో కోర్టుల భాష ఉర్దూ. ఆ భాషలోనే న్యాయశాస్త్ర పరీక్ష ప్యాసై హైదరాబాదులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1921లో నగరంలో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలును గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు గార్లతోపాటు రంగారెడ్డి గారూ అందులో ముందున్నారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1952లో బూర్గుల వారి మంత్రివర్గంలో చేరారు.

ఉద్యోగులమైన మనం ఆయనను తలచుకోవలసిన సందర్భం 1956 నాటిది. తెలంగాణ విడిగా ఉండాలన్నదే ఆయన అభిప్రాయం. విలీనం తప్పదని తేలాక, ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో ఆయన ఒకరు. కొత్త నియామకాలు జనాభా నిష్పత్తిలో జరగాలనీ, స్థానిక నివాస నిబంధన ఉండాలనీ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలనీ అందులో రాయించారు. తొలి మంత్రివర్గంలో ఆ ఉపముఖ్యమంత్రి పదవే లేకుండా పోయింది. చివరకు 1959లో అది రంగారెడ్డి గారికే దక్కింది.

ఆయన సంతకం చేయకుండా ఉండవలసిందని అనేవారున్నారు. అయితే సర్వీసు రిజిస్టరులో ఎక్కని సర్వీసును ఎవరూ లెక్కించరని మనకు తెలియనిది కాదు. ఆ షరతులు కాగితం మీదికి ఎక్కబట్టే, అవి అమలు కాలేదని 1969లో ఉద్యోగులు, విద్యార్థులు నిలదీయగలిగారు. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. మరుసటి ఏడు, 1970 జులై 24న కన్నుమూశారు.

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతంతో 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2016 అక్టోబరులో జిల్లాను విభజించినా చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు ఆ పేరు కిందే మిగిలాయి. మన పెన్షన్ కాగితాల మీద రంగారెడ్డి జిల్లా అని కనిపించినప్పుడు, అది ఏ కొండ పేరో కోట పేరో కాదనీ, మనవారి ఉద్యోగాల కోసం షరతులు రాయించిన మన పొరుగు ఊరి వకీలు పేరనీ మనుమలకు చెబుదాం.