లప్పం చేతులతోనే లూవ్ర్ దాకా

పొద్దున ఏడున్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే మీకు రెండు గుంపులు కనిపిస్తాయి. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకుని మెట్రో మెట్లెక్కేవాళ్లు ఒకవైపు. ఆ రోజు పని ఎవరు పిలుస్తారా అని ఎదురుచూసే పెయింటర్లు, తాపీ మేస్త్రీలు ఇంకోవైపు. రెండో గుంపులో ఉన్నవాళ్ల సంచిలో రోలర్, లప్పం పూసే రేకు ఉంటాయి. చెప్పుల మీద ఎండిపోయిన తెల్ల చుక్కలు ఉంటాయి. మీలో కొందరి నాన్నో, బాబాయో, మేనమామో అందులో ఉండే ఉంటారు. అప్లికేషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్న గడి వచ్చేసరికి పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది కదా? ప్రైవేట్ అని రాసేసి కింది గడికి వెళ్లిపోతారు.

ఆ గడి దగ్గర ఆగని ఒక మనిషి గురించి ఈ వారం చదవండి. పేరు జార్జ్ బ్రాక్. పికాసో పేరు మీరు వినే ఉంటారు. క్యూబిజం అనే పద్ధతిని పికాసోతో కలిసి తయారుచేసినవాడు ఇతనే. ఇవాళ మీరు ఫోన్లో చూసే మోడలింగ్ పేస్ట్ వీడియోలు ఉన్నాయి చూడండి, కాన్వాస్ మీద తెల్లటి ముద్ద పూసి, గీతలు గీసి, ఇసుక చల్లి, కాగితాలు అంటించి రంగు వేసేవి... ఆ దారిని ఆధునిక చిత్రకళలో తెరిచినవాళ్లలో ముందువరసలో ఉన్నది బ్రాక్. ఆ విద్య అతనికి ఏ ఆర్ట్ కాలేజీలోనూ రాలేదు. ఇళ్లకు రంగులేసే నాన్న దగ్గర వచ్చింది.

బ్రాక్ 1882 మే 13న పారిస్ పక్కన అర్జాంతూయ్ అనే ఊళ్లో పుట్టాడు. తాత పెయింటర్. నాన్నా పెయింటరే. ఆదివారాలు తీరిక దొరికితే నాన్న సరదాగా బొమ్మలు వేసుకునేవాడు. బ్రాక్‌కు ఎనిమిదేళ్లప్పుడు ఇల్లు లె హావ్ర్ అనే రేవు పట్నానికి మారింది. స్కూలు చదువు అతనికి పెద్దగా ఎక్కలేదు. సాయంత్రాలు ఊళ్లోని ఆర్ట్ స్కూల్లో డ్రాయింగ్ క్లాసులకు వెళ్లేవాడు. 1899లో, పదిహేడేళ్లకు, డిగ్రీకి ముందుండే పెద్ద పరీక్ష రాయకుండానే చదువు ఆపేసి నాన్న దగ్గర పనిలో చేరాడు. తర్వాత వేరే మేస్త్రీల దగ్గర. 1900లో పారిస్ వెళ్లి అక్కడా అదే పని. మధ్యలో సైన్యంలో తప్పనిసరి కొలువు. 1902లో చేతిపని నేర్చినట్టు సర్టిఫికెట్ అందుకున్నాడు. మన లెక్కలో చెప్పాలంటే ఐటీఐ పాసైనట్టు.

ఆ రోజుల్లో అక్కడి ఇంటి పెయింటర్ పని అంటే గోడకు సున్నం కొట్టి వెళ్లిపోవడం కాదు. మామూలు చెక్క తలుపును ఓక్ తలుపులా చూపించాలి. సాదా ప్లాస్టర్ గోడను పాలరాయిలా చూపించాలి. దీనికో పనిముట్టు ఉండేది, ఇనప దువ్వెన. తడి రంగు మీద దాన్ని ఒడుపుగా లాగితే చెక్క చారలు వచ్చేస్తాయి. మన దగ్గరా పాత ఇళ్లలో తలుపులకు టేకు చారలు తేలేలా రంగులు వేసిన పెయింటర్లు ఉండేవాళ్లు, మీ తాతను అడగండి. ఇప్పుడు సన్‌మైకా షీటు వచ్చి ఆ పనిని మింగేసింది. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాయడం కూడా ఆ పనిలో భాగమే. దువ్వెన, పాలరాయి నకలు, స్టెన్సిల్ అక్షరాలు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, పదేళ్ల తర్వాత మళ్లీ వస్తాయి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు ఇచ్చిన కొద్ది డబ్బుతో పారిస్‌లోనే ఒక ఆర్ట్ అకాడమీలో చేరాడు. మొదట్లో అప్పటి ఫ్యాషన్ ప్రకారం మండిపోయే ఎరుపులు, పసుపులు వేశాడు. 1907లో పికాసోతో పరిచయం అయింది. 1908 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్తాక్ అనే చోట ఇళ్లను, చెట్లను పెట్టెల్లా, పలకల్లా విడగొట్టి వేశాడు. వాటిని పారిస్‌లో ఏటా జరిగే పెద్ద ప్రదర్శనకు పంపితే జ్యూరీ తిప్పికొట్టింది. ఆ జ్యూరీలో మతీస్ లాంటి దిగ్గజం ఉన్నాడు. ఒకటీ రెండూ ఉంచుకుంటాం అన్నా బ్రాక్ ఒప్పుకోలేదు, అన్నీ వెనక్కి తెచ్చేసుకున్నాడు. రిజెక్షన్ మెయిల్ వచ్చిన సాయంత్రం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ నవంబర్‌లోనే కాన్‌వైలర్ అనే కుర్ర వ్యాపారి తన చిన్న గ్యాలరీలో వాటిని వేలాడదీశాడు. ఒక విమర్శకుడు చూసి, అన్నీ ఘనాలే కదా అని వెక్కిరించాడు. ఘనం అంటే క్యూబ్. ఆ వెక్కిరింతే పేరై, క్యూబిజం అని నిలిచిపోయింది.

అసలు కథ 1911, 1912లో ఉంది. అప్పటికి బ్రాక్, పికాసో రోజూ ఒకరి బొమ్మ ఒకరు చూసుకుంటూ పనిచేస్తున్నారు. ఇద్దరి బొమ్మల్లో ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. వస్తువును ముక్కలు చేసీ చేసీ చివరికి కాన్వాస్ మీద గోధుమరంగు, బూడిదరంగు పలకలు తప్ప ఏమీ మిగల్లేదు. గిటారు ఏదో, గోడ ఏదో చూసేవాడికి అంతుపట్టదు. ఇంకో అడుగు వేస్తే బొమ్మకూ లోకానికీ సంబంధమే తెగిపోతుంది.

అక్కడ బ్రాక్‌కు అక్కరకొచ్చింది పాత పనిసంచి. ముందు బోర్డుల మీద రాసినట్టు స్టెన్సిల్ అక్షరాలు బొమ్మలోకి తెచ్చాడు. తర్వాత ఇనప దువ్వెన తీశాడు. తడి రంగు మీద లాగి చెక్క చారలు తెప్పించి, ఇది బల్ల అని చూసేవాడికి తెలిసేలా చేశాడు. ఆ దువ్వెన కిటుకు పికాసోకూ చూపించాడు. పికాసో తండ్రి డ్రాయింగ్ మాస్టారు, తనేమో పుట్టు మేధావి. కానీ చెక్క చారలు దువ్వడం అతనికి తెలియదు. పెయింటర్ కొడుకు దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకుని ఏం చేశాడో తెలుసా? ఒక కవి బొమ్మలో తలవెంట్రుకలకు, మీసాలకు అదే దువ్వెన వాడాడు. పికాసో అంటే పికాసోనే!

1912 వేసవిలో ఇద్దరూ అవిన్యోన్ పక్కన సోర్గ్ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. అక్కడ బ్రాక్ రంగులో ఇసుక కలిపాడు. రంపపు పొట్టూ కలిపాడు. ఇదేదో వింత కోసం చేసింది కాదు. మీరే చూడండి, ఒకే డబ్బాలోని నీలం రంగును సగం నున్నటి అట్ట మీద, సగం గరుకు గోడ మీద పూయండి. గరుకు మీద రంగు ముదురుగా, వేరే రంగులా కనిపిస్తుంది. ప్రతి రేణువూ తన పక్కన చిన్న నీడ వేస్తుంది కాబట్టి. రంగు మార్చకుండా రంగును మార్చడం అన్నమాట. పైగా గరుకుతనాన్ని కన్ను చూడటంతో ఆగదు, చెయ్యి తాకినట్టే ఉంటుంది. పట్టు దొరకని ఆ పలకల బొమ్మలకు బ్రాక్ ఇచ్చింది ఆ స్పర్శే.

అదే సెప్టెంబర్‌లో అవిన్యోన్‌లో ఒక దుకాణం అద్దంలో ఓక్ చెక్కలా అచ్చేసిన గోడ కాగితం చుట్ట కనిపించింది. తను దువ్వెనతో కష్టపడి తెప్పించే చారలు అక్కడ మిషన్ మీద అచ్చై ఉన్నాయి. మన సన్‌మైకా లాంటిదే. వేరే పెయింటరైతే నా పని పోయిందిరా దేవుడా అనుకునేవాడు. బ్రాక్ ఆగాడు. పికాసో పారిస్ వెళ్లేదాకా ఆగి, ఆ చుట్ట కొనుక్కొచ్చి, ముక్కలు కత్తిరించి కాగితం మీద అంటించి, పైన బొగ్గుతో పళ్లగిన్నె, గ్లాసు గీశాడు. కాగితం అంటించి చేసిన చిత్రాల్లో అదే తొలి మెట్టుగా కళాచరిత్ర పుస్తకాలు లెక్కేస్తాయి. మిక్స్‌డ్ మీడియా అని మీరు ఇవాళ పిలిచేదానికి మూలాల్లో అదొకటి. పికాసో తిరిగొచ్చి చూసి, తనూ మొదలుపెట్టాడు. ఎవరు ముందు అన్నది వాళ్లిద్దరి మధ్య ఉన్న పోటీ. నాకైతే ఆ పళ్లగిన్నె కన్నా, చెప్పకుండా ఆగిన ఆ కొన్ని రోజులే ఎక్కువ నచ్చుతాయి.

ఇప్పుడు మీ బల్ల మీది డబ్బా దగ్గరికొద్దాం. బ్రాక్ కాలంలో మోడలింగ్ పేస్ట్ డబ్బాలో దొరికేది కాదు, ఆయిల్ రంగులోనే ఇసుక కలుపుకోవాలి. ఇవాళ్టి పేస్ట్‌లో ఉండేది అక్రిలిక్ జిగురు, పాలరాతి పొడి. అంతే. జిగురు పట్టి ఉంచుతుంది, పొడి ఒళ్లు ఇస్తుంది. లప్పం సూత్రం కూడా ఇదే. మన వాళ్లకిది కొత్తా కాదు. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. ఉప్పల్ నుంచి వరంగల్ హైవే పట్టుకుని జనగామ మీదుగా చేర్యాల వెళ్తే, అక్కడి నకాషీ కళాకారులు ముఖోటాలు చేసేది కూడా ఆ రెండింటితోనే. కెమిస్ట్రీ చదివేవాళ్లకు ఒక మాట. జిగురు ఎంత, పొడి ఎంత, ఆరాక పగలకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నది పెయింట్ కంపెనీల్లో రోజువారీ ఉద్యోగం. తార్నాక దగ్గర ఉప్పల్ రోడ్డు మీదున్న ఐఐసీటీలో పాలిమర్లు, కోటింగుల మీద పరిశోధన జరుగుతుంది. రోజూ దాని గేటు ముందు నుంచే బస్సులో పోతుంటారు మీరు.

పేస్ట్‌తో మొదలుపెట్టేవాళ్లు చేసే తప్పు ఒకటే, ఆత్రం. ఒకేసారి మందంగా పూస్తారు. పైన ఆరి లోపల తడిగా ఉండి, మర్నాటికి పగుళ్లు. పల్చగా ఒక పొర, ఆరాక ఇంకో పొర. ఈ సంగతి మీ నాన్నకు తెలుసు, గోడకు లప్పం రెండు చేతులు ఎందుకు పెడతారో అడిగితే చెప్తాడు. బట్ట కాన్వాస్ ఊగుతుంది కాబట్టి మందం పని దాని మీద నిలవదు, ఎండీఎఫ్ చెక్క తీసుకోండి. డబ్బా ఖరీదు అనిపిస్తే సుద్దపొడి, ఫెవికాల్ కలిపి ప్రాక్టీస్ చేయండి. అమ్మే బొమ్మకు మాత్రం అది వద్దు. ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, ముదురు రంగు నీళ్లగా పూసి గుడ్డతో తుడిస్తే గుంటల్లో రంగు నిలిచి గరుకు బయటపడుతుంది. దువ్వెన ఇంట్లో ఉండనే ఉంటుంది.

దీంతో ఉద్యోగం వస్తుందా అంటారా? బొమ్మలు అమ్మి బతకడం కష్టం, అబద్ధం చెప్పను. కానీ ఈ చేతిపనికి గిరాకీ ఉన్న చోట్లు ఉన్నాయి. నాచారం, మల్లాపూర్ వైపు లేచే అపార్టుమెంట్లలో హాల్లో ఒక గోడ టెక్స్చర్ అడుగుతున్నారు. నాచారంలోనే ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోస్ ఉంది. సినిమా సెట్‌లో మీరు చూసే రాతికోట ప్లైవుడ్, థర్మకోల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. దాన్ని రాయిలా నమ్మించేది పూతే. డిగ్రీ కూడా కావాలనుకుంటే జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏకు ప్రవేశ పరీక్ష ఉంది. పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మతో పాటు పొరపొరకూ తీసిన ఫొటోలు పెట్టండి. పని ఇచ్చేవాడు చూసేది అవే.

బ్రాక్ దగ్గరికి మళ్లీ వస్తే, 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అవిన్యోన్ స్టేషన్లో పికాసో అతన్ని రైలెక్కించాడు. మునుపటి స్నేహం మళ్లీ కుదరలేదు. 1915 మేలో కారెన్సీ దగ్గర తలకు పెద్ద గాయమైంది. చనిపోయాడనుకుని వదిలేశారు, మర్నాడు దొరికాడు. పుర్రెకు రంధ్రం చేసి ఆపరేషన్ చేశారు, కొన్నాళ్లు చూపు పోయింది. మళ్లీ బ్రష్ పట్టడానికి 1917 దాకా పట్టింది. ముప్పై రెండేళ్లప్పుడు ఆగిన పనిని ముప్పై అయిదేళ్లప్పుడు అందుకున్నాడు. గ్యాప్ ఎందుకొచ్చింది అని ఇంటర్వ్యూలో అడిగితే తడబడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి.

తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేశాడు. 1931లో ప్లాస్టర్ పలకలకు నల్లరంగు పూసి, దాన్ని గీకి, లోపలి తెల్లటి ప్లాస్టర్ గీతలుగా బయటపడేలా గ్రీకు దేవతల బొమ్మలు చేశాడు. అదీ గోడ పనిలో పుట్టిన ఆలోచనే. రంగులో ఇసుక కలిపే అలవాటు ముసలితనంలోనూ పోలేదు.

1953లో లూవ్ర్ మ్యూజియంలో ఒక గది పైకప్పుకు బ్రాక్ వేసిన పెద్ద పక్షుల బొమ్మలు అమర్చారు. అప్పటికి డెబ్బై ఏళ్లు నిండాయి. 1961లో అదే మ్యూజియం అతని చిత్రాలతో ప్రదర్శన పెట్టింది. బతికుండగానే లూవ్ర్‌లో ప్రదర్శన జరిగిన మొదటి చిత్రకారుడు అతనే. 1963 ఆగస్టు 31న పారిస్‌లో చనిపోతే లూవ్ర్ ముందు ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికి, నార్మండీ తీరంలో వారాంజ్‌విల్ అనే పల్లెలో, సముద్రం కనిపించే శ్మశానంలో పూడ్చారు. అతను ఇంటి పెయింటర్ల కొడుకని, మనవడని జీవితచరిత్ర రాసిన ప్రతివాళ్లూ మొదటి పేజీల్లోనే రాస్తారు.