దత్త మండలానికి రాయలసీమ అని పేరు పెట్టిన పంతులు చిలుకూరి నారాయణరావు

కంబదూరు, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో ఎవరినైనా మీది ఏ సీమ అని అడగండి. క్షణం ఆలోచించకుండా రాయలసీమ అంటారు. రచ్చబండ మీది ముసలాయన చెప్పేదీ అదే, బడికెళ్లే పిల్లోడు చెప్పేదీ అదే. కానీ వందేళ్ల కిందట ఈ పేరు వాడుకలో లేదు. అనంతపురం, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలన్నిటినీ కలిపి సీడెడ్ జిల్లాలు అనేవారు, తెలుగులో దత్త మండలాలు. ఇప్పుడున్న పేరును ముందుకు తెచ్చిన వ్యక్తి ఈ నేల మీద పుట్టినవాడు కాదు. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగం కోసం వలస వచ్చిన తెలుగు పంతులు. ఆయనే డాక్టర్ చిలుకూరి నారాయణరావు.

ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి తర్జుమా చేసింది కూడా ఆయనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశారన్న సంగతి చాలామందికి తెలియదు. సీమ పేరు గురించి మాట్లాడేవాళ్లు తర్జుమా సంగతి ఎత్తరు. తర్జుమా గురించి రాసేవాళ్లకు సీమ పేరు గుర్తుకు రాదు.

నారాయణరావు 1890 ప్రాంతంలో ఉత్తరాంధ్రలో పుట్టారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో భాష గురించి ఆలోచించే కుర్రాడికి గిడుగు రామమూర్తి పంతులు ప్రభావం తప్పించుకోవడం కష్టం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వాచకాలు, నిఘంటువు తయారు చేసిన మనిషి గిడుగు. జనం మాట్లాడే తెలుగులోనే బడి పుస్తకాలు ఉండాలని పండితులందరితో పోట్లాడినవాడు. నారాయణరావు ఆయన శిష్యవర్గంలోని వారు. పుస్తకాల్లోని భాష ఒక్కటే భాష కాదు, సంతలో వినపడేదీ భాషే అన్న నమ్మకం ఆయనకు అక్కడే కుదిరింది. పల్లెల్లో జనం నోట నానే సామెతల్ని వేల కొద్దీ పోగేశారు. పండితులకు సామెతలంటే అంత గౌరవం లేని కాలం అది.

అక్కడి నుంచి అనంతపురం. ఇప్పుడైతే ఒక రాత్రి ప్రయాణం. అప్పట్లో అది ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవడం. వాన మారింది, తిండి మారింది, మాట యాస మారింది. సముద్రం దగ్గర పెరిగిన మనిషికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లకు మించి వాన పడని మెట్ట భూమి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. జొన్న, కొర్ర, రాగి సంగటి తినే ఊళ్లు. ఒక ఏడాది పండితే రెండేళ్లు ఎండే చేలు.

అనంతపురంలో సర్కారు కాలేజీ 1916లో మొదలైంది. దానికి దత్త మండల కళాశాల అనే పేరుండేది, అదే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలి రోజుల్లో అక్కడ కొంతకాలం పాఠాలు చెప్పి వెళ్లిపోయారు. ఇంకో రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి చదువుకున్నదీ అక్కడే. చుట్టుపక్కల జిల్లాల రైతుబిడ్డలకు పెద్ద చదువు అంటే ఆ కాలేజీయే. బయటి నుంచి వచ్చే పంతుళ్లలో చాలామంది బదిలీ కోసం ఎదురుచూసేవాళ్లే. కరువు జిల్లా కదా, ఎవరుంటారు? నారాయణరావు ఉండిపోయారు. ఆ కాలేజీలో తెలుగు ఉపన్యాసకుడిగా ఏళ్ల తరబడి పనిచేశారు.

భాష మీద పరిశోధన చేసేవాడికి అనంతపురం నిజానికి మంచి చోటు. ఒకే ఊళ్లో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ వినిపిస్తాయి. కంబదూరు దాటి పడమటికి పోతే కన్నడ సీమ మొదలవుతుంది, దక్షిణాన హేమావతిలో నొళంబుల గుళ్లు, కన్నడ శాసనాలు ఉన్నాయి. పక్కనున్న కడప జిల్లాలో కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు ఉన్నాయి. ఆరో శతాబ్దిలో రేనాటి చోళులు తెలుగులో చెక్కించినవి అవి, ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో అన్నిటికన్నా పాతవి. తెలుగుకు పుట్టిల్లు కోస్తా అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఇక ఖుర్ఆన్ సంగతి. తర్జుమా మొదటిసారి 1925లో అచ్చయింది. అప్పటిదాకా తెలుగులో పూర్తి ఖుర్ఆన్ లేదు. ఉర్దూలో షా అబ్దుల్ ఖాదిర్ తర్జుమా వచ్చి అప్పటికి వందేళ్లు దాటింది. కానీ ఉర్దూ చదవగలిగిన ముస్లింలు పట్నాల్లో ఉన్నంతగా పల్లెల్లో లేరు. రాయలసీమలో దూదేకుల వారి ఇళ్లలో మాట తెలుగే. నమాజు సూరాలు కంఠతా వచ్చు, అర్థం మాత్రం ఎవరైనా మౌల్వీ సాబ్ చెబితే తెలియాలి. మసీదున్న ప్రతి ఊళ్లోనూ మౌల్వీ ఉండడు. ఇంట్లో మాట్లాడే భాషలో తమ గ్రంథం చదువుకునే వీలు వాళ్లకు లేకుండా పోయింది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు వేల మంది వస్తారు, పెనుకొండ బాబయ్య దర్గాలో ఉరుసుకు అన్ని కులాలవాళ్లూ చేరుతారు. ఇంత కలిసి బతికిన చోట పక్కింటివాడి గ్రంథంలో ఏముందో తెలిసిన హిందువు మాత్రం అరుదు. ఒకరి పండుగకు ఇంకొకరు వెళ్లడం తేలిక, ఒకరి పుస్తకం ఇంకొకరు చదవడం అంత తేలిక కాదు. బ్రాహ్మణ పండితుడు కూర్చుని ఖుర్ఆన్ మొత్తాన్ని తెలుగు చేయడం ఈనాటికీ చిన్న మాటేం కాదు. 1920ల్లో అయితే అటు వైదికులూ ఇటు మౌల్వీలూ కూడా అనుమానంగా చూడగలిగే పని.

పని కూడా కష్టమైనదే. అరబీలో రబ్, తఖ్వా, ఆఖిరత్ లాంటి మాటలకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. దేవుడు అన్నా, ప్రభువు అన్నా, భగవంతుడు అన్నా ఒక్కో మాట వెనక ఒక్కో సంప్రదాయం నిలబడి ఉంటుంది. మరీ సంస్కృతం చేస్తే పురాణంలా వినిపిస్తుంది, అరబీ మాటలు అలాగే ఉంచితే తెలుగువాడికి తలుపు తెరుచుకోదు. తర్వాత వచ్చిన ప్రతి అనువాదకుడూ ఈ ఇరుకులోనే నడిచాడు. కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్, ఆ తర్వాత షేక్ హమీదుల్లా షరీఫ్ లాంటివారు దీన్ చదువు ఉన్నవాళ్లు కాబట్టి వాళ్ల తర్జుమాలు ముస్లింలలో ఎక్కువగా నిలిచాయి. ఇప్పుడు చిలుకూరి తర్జుమాను చదివేవాళ్లు తక్కువ. అయినా ఆయన నడిచినప్పుడు ముందు అడుగుజాడ ఒక్కటి కూడా లేదు, పూర్తి తెలుగు తర్జుమాకు మొదటి నమూనా ఆయనదే.

మూడేళ్ల తర్వాత 1928 నవంబర్‌లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దాంతోపాటే దత్త మండలాల సభ కూడా పెట్టారు. కడప కోటిరెడ్డి అధ్యక్షులు. దత్త అనే మాట గురించి అప్పటికే జనంలో చిరాకు ఉంది. 1800లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఈ జిల్లాల్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా ఇచ్చిన భూమి ఇది. టిప్పు సుల్తాన్ నుంచి 1792లో, 1799లో నిజాం వాటాకు వచ్చిన భాగాలే చాలావరకు ఇలా చేతులు మారాయి. ఇచ్చినవాళ్లనూ పుచ్చుకున్నవాళ్లనూ తలచుకునే పేరే తప్ప, ఇక్కడ ఉండేవాళ్ల ఊసు ఆ పేరులో లేదు. నూట పాతికేళ్లు దాటినా ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అనే గుర్తే మిగిలింది.

ఆ సభలో నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. విజయనగర రాయలు ఏలిన సీమ. 1565 యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే రాయలు వచ్చి రాజధాని పెట్టుకున్నది ఉమ్మడి అనంతపురం జిల్లాలోని పెనుకొండలోనే. కాబట్టి పేరు గాలిలోంచి తెచ్చింది కాదు. అనంతపురం నుంచి సాధన పత్రిక నడిపిన పప్పూరి రామాచార్యుల పేరు కూడా ఈ తీర్మానంతో ముడిపడి ఉంది. నవంబర్ 18న సభ ఒప్పుకుంది. చాలాకాలం ఈ పేరు పెట్టిన ఘనత గాడిచర్ల హరిసర్వోత్తమరావుదే అని పాఠ్యపుస్తకాలు సైతం రాశాయి. గాడిచర్ల సీమకు చేసిన సేవ తక్కువేమీ కాదు, గ్రంథాలయ ఉద్యమం ఒక్కటి చాలు. కానీ ఆ రోజు పేరు ప్రతిపాదించింది చిలుకూరి అని ఆనాటి పత్రికలు వెతికి తీసిన పరిశోధకులు తేల్చారు.

పేరు మారితే వానలు పడవు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ తొమ్మిదేళ్లకే, 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం జరిగినప్పుడు కోస్తా నాయకుల ఎదుట కూర్చున్నది రాయలసీమ. నీళ్లలో వాటా, రాజధాని, అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం అడిగింది ఆ పేరుతోనే. అనంతపురానికి యూనివర్సిటీ వచ్చింది 1981లో. దానికీ రాయల పేరే పెట్టారు, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అని.

అదే 1937లో నారాయణరావు జీవితంలోని పెద్ద పుస్తకం ఆంధ్ర భాషా చరిత్రము వెలువడింది. రెండు సంపుటాలు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ప్రచురించింది. తెలుగు ధ్వనులు ఎలా మారాయో, మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, శాసనాల్లో ఏముందో అంతా కుప్పపోశారు. ఆయన వాదన మాత్రం గాలికి ఎదురీత. 1856లో కాల్డ్వెల్ పుస్తకం వచ్చినప్పటి నుంచి తెలుగు ద్రావిడ భాష అని పండితులు ఒప్పుకుంటూ వచ్చారు. నారాయణరావు కాదన్నారు. తెలుగు ప్రాకృత భాషల నుంచి పుట్టిందని ఆయన పట్టు. ఆ పట్టు నిలవలేదు. గంటి జోగి సోమయాజి మొదలు భద్రిరాజు కృష్ణమూర్తి దాకా వచ్చిన భాషాశాస్త్రవేత్తలు తెలుగు ద్రావిడ కుటుంబంలోనిదే అని గట్టిగా నిరూపించారు. ఈనాడు ఆ సిద్ధాంతాన్ని సమర్థించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

అయితే ఆ పుస్తకాన్ని పక్కన పడేయలేం. సిద్ధాంతం తప్పినా పోగేసిన సామగ్రి తప్పలేదు. ఆయనతో విభేదించినవాళ్లు సైతం ఆయన ఎత్తి చూపిన మాటల్నీ రూపాల్నీ తిరగేయక తప్పలేదు. లైబ్రరీలూ పురావస్తు కార్యాలయాలూ దూరంగా ఉన్న జిల్లా కేంద్రంలో కూర్చుని, రోజూ క్లాసులు చెప్పుకుంటూ ఒక్కడే ఇంత పని చేయడం మామూలు సంగతి కాదు. డాక్టరేట్, కళాప్రపూర్ణ బిరుదు ఆయనకు దక్కాయి.

నారాయణరావు 1950ల మొదట్లో కన్నుమూశారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అనంతపురానికి చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. అది చూడటానికి ఆయన లేరు. అప్పటికి బళ్లారి, దత్త మండలాల్లో పెద్ద పట్నం, మైసూరు వైపు వెళ్లిపోయింది. ఇటు మిగిలిన జిల్లాలను మాత్రం ప్రభుత్వ కాగితాల్లోనూ బస్సు బోర్డుల మీదా ఎన్నికల సభల్లోనూ రాయలసీమ అనే పిలిచారు. నవంబర్ 18న సీమ సాహిత్యకారులూ ఉద్యమకారులూ అనంతపురం, కర్నూలు లాంటి చోట్ల చేరి ఆ తీర్మానం రోజును జరుపుకుంటున్నారు. ఆయన ఖుర్ఆన్ తర్జుమా పాత ప్రతులు మాత్రం లైబ్రరీల్లో వెతుక్కోవాల్సిందే.