బురదలో నాటిన యాంటెన్నా

సైన్సు విద్యార్థులం మన కాలేజీలో చాలామందిమే ఉన్నాం. కాని పాటనే ప్రయోగశాల చేసుకుని, పేరు చివర సైన్స్ అని తగిలించుకున్న ఒక బ్రెజిల్ కుర్రవాడి సంగతి మనలో ఎంతమందికి తెలుసు? అసలు పేరు ఫ్రాన్సిస్కో డి అసీస్ ఫ్రాన్సా. లోకం ఎరిగిన పేరు షికో సైన్స్.

1966 మార్చి 13న ఈశాన్య బ్రెజిల్‌లోని ఒలిండాలో పుట్టాడు. పక్కనే రెసీఫె నగరం. నదులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల్ని పూడ్చుకుంటూ పెరిగిన ఊరది. మిగిలిన బురదలో పేదల గుడిసెలు. ఆ బురదలోని పీతలే వాళ్ళకు కూడూ, బేరమూ. ఆకలి మీద పుస్తకాలు రాసిన జోసువె డి కాస్ట్రో ఈ ఊరివాడే. ఆ మనుషుల బతుకునూ, పీతల బతుకునూ ముడిపెట్టి 1967లో నవల రాశాడాయన. షికో కూడా చిన్నప్పుడు మడల్లో పీతలు పట్టి అమ్మినవాడే.

1980లలో హిప్ హాప్ బ్రెజిల్ వీధుల్లోకొచ్చింది. షికో స్నేహితులతో జట్టుకట్టి వీధుల్లో నాట్యం చేశాడు, రాక్ బృందాలు పెట్టాడు. పొట్టకూటికి నగరపాలక సంస్థ వారి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం. అక్కడి తోటి ఉద్యోగి ఒకరు అతన్ని పేషీన్యోస్ పేటలో డోళ్ళు వాయించే కుర్రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. కథ అక్కడ మలుపు తిరిగింది.

మరకాటు అని ఆ ప్రాంతంలో ఒక ఊరేగింపు వాద్యం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతి కాపాడుకున్న కళ అది. ఆ పెద్ద డోళ్ళ పక్కన షికో ఎలక్ట్రిక్ గిటారు నిలబెట్టాడు, పైన ర్యాప్ పలికాడు. 1695లో హతుడైన తిరుగుబాటు నాయకుడు జుంబి పేరు తన బృందానికి పెట్టుకున్నాడు.

1992లో మిత్రుడు ఫ్రెడ్ జీరో క్వాత్రో రాసిన ప్రకటనతో ఇదొక ఉద్యమమైంది. నదుల్ని పూడిస్తే నగరం గుండె ఆగుతుందన్నది దాని సారాంశం. గుర్తేమో బురదలో నాటిన డిష్ యాంటెన్నా! అంటే కాళ్ళు సొంత మట్టిలో, చెవులు ప్రపంచం వైపు. 1994లో మొదటి ఆల్బమ్, 1996లో రెండోది. మధ్యలో 1995లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆ డోళ్ళు మోగాయి.

నాట్ల రోజుల్లో మోకాటి లోతు బురదలో దిగే ఇంట పుట్టినవాణ్ణి గనక ఆ గుర్తు నాకు సూటిగా తగిలింది. కాలేజీకి రాగానే మనం ముందు కడుక్కునేది ఆ బురదే గదా! ఊరి డప్పు పేరెత్తడానికి సిగ్గుపడి, అర్థంకాని ఇంగ్లీషు పాటకు తలాడిస్తాం. షికో రెంటిలో దేన్నీ వదులుకోలేదు.

1997 ఫిబ్రవరి 2న, కార్నివాల్ వారం కూడా లేదనగా, కారు ప్రమాదంలో పోయాడు. ముప్పయ్యేళ్ళు. మిగిల్చింది రెండే ఆల్బములు. బృందం మాత్రం ఆగలేదు. 2009లో రెసీఫె నగరం అతని స్మారక కేంద్రం తెరిచింది.

పాట వల్ల గుడిసెలు మేడలు కాలేదు, నిజమే. కాని పీతల పేటల కుర్రాళ్ళు తమ డోలు తాము తలెత్తుకుని వాయించారు. ముప్పయ్యేళ్ళ జీవితంలో ఒక పాటగాడు అంతకంటే ఏం చెయ్యాలి?