తెర లేకుండా విన్న సంగీతం



సినిమా పాట వినని ఇల్లు మన విచారణలలో ఉండదు. కాని మాటల వెనుక, మౌనం వెనుక వినిపించే వాద్య సంగీతాన్ని, అంటే మనవాళ్ళు రీరికార్డింగ్ అనే దానిని, బొమ్మ లేకుండా కూర్చుని ఎప్పుడైనా విన్నారా? తెర మీద కథ నడవకపోతే దానికి విలువ ఏమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ వారం మీకు పరిచయం చేస్తున్న పెద్దమనిషిని ఆ ప్రశ్న జీవితాంతం వెంటాడింది. ఆయన పేరు నీనో రోటా. ‘ద గాడ్‌ఫాదర్’ సినిమా చూడనివారికి సైతం అందులోని దిగులు బాణీ ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. అది ఆయనదే.

రోటా 1911 డిసెంబరు 3న ఇటలీలోని మిలాన్ నగరంలో జన్మించారు. తల్లి పియానో వాయించేవారు. తల్లి తండ్రి జొవాన్ని రినాల్ది స్వరకర్త. ఇంట్లో మాటతోపాటే సంగీతం అబ్బింది. మన పిల్లలు క్రిస్మసు నాటికలో గొర్రెల కాపరి వేషం కట్టే వయసులో, పదకొండేళ్ళకే, ఆ బాలుడు పునీత స్నాపక యోహాను బాల్యంపై ఒక ఒరటోరియో రచించాడు. వేషాలూ రంగాలంకరణా లేకుండా, గాయక బృందమూ వాద్యాలూ కలిసి పవిత్ర కథను వినిపించే రూపం అది. 1923లో దానిని మిలాన్‌లోను, ఫ్రాన్సులోను ప్రదర్శించారు. పత్రికలు బాలమేధావి అని పొగిడాయి. అలాంటి పొగడ్త పిల్లలకు ఎంత బరువో తల్లిదండ్రులైన మీకు వేరే చెప్పాలా!

తరువాత రోములో, సంగీతానికి పాలక పునీతురాలైన సిసిలియమ్మ పేరిట ఉన్న విద్యాలయంలో పట్టా పొందారు. ప్రఖ్యాత నిర్వాహకుడు తొస్కానీని సలహాపై అమెరికాలోని ఫిలడెల్ఫియా వెళ్ళి రెండేళ్ళు చదివారు. తిరిగి వచ్చి మిలాన్ విశ్వవిద్యాలయంలో సాహిత్య పట్టా కూడా తీసుకున్నారు. ఇంత చదివినవాడు ఏ మహానగరంలోనో స్థిరపడతాడనుకుంటాం. ఆయన 1939లో దక్షిణ తీరాన ఉన్న బారి పట్టణంలో సంగీత ఉపాధ్యాయుడిగా చేరారు. పునీత నికోలాసు అవశేషాలు భద్రపరచిన పట్టణమే ఈ బారి. 1950లో ఆ సంగీత కళాశాలకు అధిపతి అయి, పాతికేళ్ళకు పైగా ఆ బాధ్యతలో ఉన్నారు. సినిమా పని రోములో, పిల్లల చదువు బారిలో. రెండింటినీ వదలలేదు.

సినిమాల లెక్క తీస్తే నూట యాభై దాకా తేలుతుంది. వాటి పక్కనే ఒపెరాలు, సింఫనీలు, లాటిన్ పాఠాలతో 1962లో రాసిన ‘మిస్తేరియుం’, 1970లో మరియమాత జీవితంపై ఒక ఒరటోరియో ఉన్నాయి. అయినా కొందరు సంగీత పండితులు ఆయనను తేలికగానే చూశారు. ఆ కాలపు కొత్త పోకడల మధ్య, హాయిగా పాడుకోగల బాణీలు కట్టడమే ఆయన తప్పయింది. అందులోనూ సినిమాలకు రాయడం! తన మటుకు ఆయన ఆ గీత ఎన్నడూ గీసుకోలేదు. గుడికి రాసినా, వేదికకు రాసినా, తెరకు రాసినా అదే చేయి, అదే శ్రద్ధ.

1963లో వచ్చిన ‘ఇల్ గత్తోపార్దో’ సంగతి చూడండి. ఇంగ్లీషులో ‘ద లెపర్డ్’ అంటారు. దర్శకుడు లుకీనో విస్కొంతి. 1860 నాటి సిసిలీలో ఒక రాజకుటుంబపు అస్తమయం దాని కథ. ఆ కుటుంబం జపమాల చెప్పుకుంటుండగా సినిమా మొదలవుతుంది. ఈ కథకు సంగీతం వెదుకుతున్నప్పుడు రోటా తన పాత సింఫనీ ఒకదానిని పియానోపై వాయించి వినిపించారు. అది 1947 ప్రాంతంలో మొదలుపెట్టిన రచన. విస్కొంతి దానినే కోరుకున్నారు. సినిమా కోసం పుట్టిందని అందరమూ అనుకునే ఆ సంగీతం నిజానికి సినిమాకంటే పదిహేనేళ్ళు పెద్దది.

ఇప్పుడు దానిని ఒంటరిగా వినండి. వయొలిన్లన్నీ కలిసి ఒక విశాలమైన బాణీని ఎత్తుకుంటాయి. రాజుగారి భవనం మీకు కనబడదు. కనబడనక్కరలేదు కూడా. యుద్ధం ముగిసి రెండేళ్ళయిన ఇటలీలో, ఏ రాజునూ తలచుకోకుండా ఒక మనిషి రాసుకున్న ఆరాటం అది. తరువాత విందు నృత్యాలు వస్తాయి. అందులో ఒక వాల్ట్‌జ్ మహాస్వరకర్త వెర్దిది. అచ్చుకాని ఆ పియానో రచనను రోటా వాద్యబృందానికి అమర్చారు. తక్కిన నృత్యాలు స్వయంగా కట్టారు. ఏది వెర్దిదో ఏది రోటాదో అతుకు దొరకదు. సినిమా చూసేటప్పుడు దుస్తులు, దీపాలు, ముఖాలు మన చూపును లాగేస్తాయి, ఈ పనితనం చెవికి అందదు.

పాత బాణీని మళ్ళీ వాడుకునే ఈ అలవాటు ఒకసారి ఆయనను గట్టిగానే దెబ్బ తీసింది. 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ సంగీతాన్ని ఆస్కార్ బహుమతి పరిశీలనకు తీసుకున్నారు. అందులోని ప్రేమ బాణీ 1958 నాటి ‘ఫోర్తునెల్లా’ అనే ఆయన పాత హాస్య చిత్రంలోనిదే అని తేలడంతో పేరు తొలగించారు. అక్కడ ఆ బాణీ చకచకా, నవ్వు పుట్టించేలా నడుస్తుంది. ఇక్కడ నెమ్మదించి గుండె పిండుతుంది. స్వరాలు అవే! నా మటుకు ఇది దొంగతనం కాదు. తల్లి పెళ్ళిచీరను కూతురికి పావడా కుట్టినట్టు ఉంది. 1975లో రెండవ ‘గాడ్‌ఫాదర్’కు కార్మైన్ కొప్పొలాతో కలిపి ఆయనకే ఆ బహుమతి ఇచ్చారు.

దర్శకుడు ఫెల్లీనితో ఆయన స్నేహం 1952 నుండి చివరిదాకా సాగింది. ఫెల్లీని తీసిన ‘లా దొల్చే వీత’ను 1960లో వాటికన్ దినపత్రిక తీవ్రంగా ఖండించింది. ఆ చిత్రానికీ సంగీతం రోటాదే. తిరిగి 1995లో, సినిమా పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా, వాటికన్ 45 మంచి చిత్రాల జాబితా ప్రకటించింది. కళ విభాగంలో ఎంచిన పదిహేనింటిలో ‘లా స్ట్రాదా’, ‘ఎనిమిదిన్నర’, ‘ద లెపర్డ్’ ఉన్నాయి. మూడింటికీ ఆయనే సంగీతకర్త.

బారి కళాశాలలో రోటా ప్రోత్సాహం పొందిన కుర్రవాళ్ళలో రికార్డో మూతి ఒకరు. ఆయన ప్రపంచ ప్రసిద్ధ వాద్యబృంద నిర్వాహకులై, 1990లలో మిలాన్‌లోని లా స్కాలా వాద్యబృందంతో తన గురువుగారి సినిమా సంగీతాన్ని రికార్డు చేశారు. తెర లేదు, నటులు లేరు. గొప్ప సింఫనీలు వాయించే వాద్యకారులే దీనినీ వాయించారు.

వినదలచినవారు ‘లా స్ట్రాదా’తో మొదలుపెట్టండి. 1954 నాటి ఆ చిత్ర సంగీతాన్ని రోటా స్వయంగా 1966లో బాలేగా మలిచారు. దాని నుండి తీసిన వాద్యరచన అరగంట లోపే ముగుస్తుంది. సంతలో గారడీ చేసే మొరటువాడు జంపనో, వాడికి అమ్ముడుపోయిన అమాయకురాలు జెల్సొమీనా. ట్రంపెట్‌పై ఆమె వాయించే చిన్న బాణీ ఒకటుంది. వాడు ఆమెను వదిలేసిపోతాడు. ఏళ్ళ తరువాత బట్టలు ఆరవేస్తున్న ఒక స్త్రీ నోట అదే బాణీ విని, జెల్సొమీనా చనిపోయిందని తెలుసుకుంటాడు. కథ ఇంతవరకు తెలిస్తే చాలు. దీపం తగ్గించి, పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని, ట్రంపెట్ ఎప్పుడు వస్తుందో కనిపెట్టమనండి. వాళ్ళు మీకంటే ముందే పట్టుకుంటారు.

నీనో రోటా 1979 ఏప్రిల్ 10న రోములో మరణించారు. అది పవిత్ర వారపు మంగళవారం. ఫెల్లీనికి ఆయన చేసిన చివరి చిత్రం ఒక వాద్యబృందం సాధన చేసుకోవడం గురించినది.