రుడాల్ఫ్ డీజెల్ గిట్టుబాటు లెక్క

పికప్పు బండి కొనదలచినవానికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. పెట్రోలు యంత్రమా, డీజిలు యంత్రమా? డీజిలు బండికి వెల ఎక్కువ, యంత్రము బరువు, మరమ్మతు వచ్చినచో ఖర్చును తక్కువ కాదు. కాని అది తాగు చమురు తక్కువ, లాగు బరువు ఎక్కువ. ముందుగా పోసిన అదనపు సొమ్ము తిరిగి చేతికి వచ్చునా? వచ్చినచో ఎన్నేండ్లకు? మార్కెట్టుకు కూరగాయలు తోలు వర్తకుడు మొదలు పాలక్యానులు మోయించువాని వరకు ఈ లెక్క వేయనివాడు మన యూళ్లలో అరుదు. పికప్పు ఇంటింటి బండియైన అమెరికాలో డీజిలు యంత్రమునకు అదనముగా వేల డాలర్లు చెల్లింపవలెను గనుక అచ్చట ఈ వాదము మరింత జోరుగా సాగును.

ఈ లెక్క చిక్కును అందరికంటె ముందు అనుభవించినవాడు ఆ యంత్రమునకు తన పేరునిచ్చిన రుడాల్ఫ్ డీజెలే.

చిక్కు ఎక్కడ నున్నదో తెలియవలెనన్న యంత్రపు కడుపులోనికి ఒకసారి తొంగి చూడవలెను. సైకిలుకు గాలి కొట్టినవారెవరైనను పంపు అడుగుభాగము వేడెక్కుట ఎరుగుదురు. గాలిని అణచినకొలది అది కాగును. పెట్రోలు యంత్రమున గాలియు పెట్రోలు ఆవిరియు కలిసియే లోనికి పోవును. విద్యుత్తు రవ్వ వానిని అంటించును. ఆ మిశ్రమమును మితిమీరి అణచినచో అది వేళగాని వేళ తనంత తానే పేలును. డీజిలు యంత్రమన్ననో వట్టి గాలినే పీల్చి, అది నిప్పువలె కాగువరకు అణచి, అప్పుడు చమురును లోనికి చిమ్మును. చమురు ఆ వేడిగాలికి తాకినంతనే మండును. రవ్వతో పనిలేదు. ఎక్కువగా అణచుటచేత వేడిలో ఎక్కువ భాగము పనిగా మారును. చమురు ఆదా యగును. అయితే అంతటి ఒత్తిడికి ఓర్చుకొనుటకు గోడలు దళసరిగాను, కడ్డీలు బలముగాను ఉండవలెను. చమురు చిమ్ము పరికరము అతి నిశితముగా చేయబడవలెను. అందుచే బరువు, అందుచే వెల. ఆదాయు ఖర్చును ఒకే గర్భమున పుట్టిన కవలలు. ఒకదానిని వదలి రెండవదానిని మాత్రమే తెచ్చుకొనుట ఎవరికిని సాధ్యము కాలేదు.

రుడాల్ఫ్ డీజెల్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి థియోడర్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుండి వలస వచ్చిన పుస్తకముల జిల్దుకారుడు; తోలు సామగ్రియు చేసి అమ్మెడివాడు. చిన్ననాడు రుడాల్ఫ్ తోపుడుబండిలో సరకులు పెట్టుకొని ఖాతాదారుల ఇండ్లకు చేర్చెడివాడు. వారి యింటికి కొద్ది దూరముననే యంత్రకళల ప్రదర్శనశాల యుండెను. అందు 18వ శతాబ్దమున క్యూన్యో అను ఫ్రెంచి సైనికుడు ఫిరంగులు లాగుటకై చేసిన ఆవిరిబండి నేటికిని కలదు. సరకుబండి తోయు పిల్లవానికి తనంత తానే నడచు సరకుబండి ఎట్లు కనబడియుండునో పాఠకులు ఊహింపగలరు.

1870లో ఫ్రాన్సుకును ప్రష్యాకును యుద్ధము రాగా జర్మనులు పారిస్ విడువవలసి వచ్చెను. డీజెల్ కుటుంబము లండనుకు చేరెను. అచ్చట పూట గడచుట కష్టమై, పన్నెండేండ్ల బాలుని ఆగ్స్‌బర్గ్‌లోని బంధువులయింటికి పంపిరి. వారియింటి పెద్ద గణితోపాధ్యాయుడు. పేదరికము, చదువు ఒకదానితో నొకటి పోటీపడిన ఆ యింటనే రుడాల్ఫ్ తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొనెను. విద్యార్థివేతనముతో మ్యూనిక్ సాంకేతిక విద్యాలయమున చేరి, కడపటి పరీక్షవేళ టైఫాయిడు వచ్చి వెనుకబడినను, 1880లో అత్యుత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

ఆ విద్యాలయమున అతని ఆచార్యుడు శీతలయంత్రముల నిర్మాతయని లోకప్రసిద్ధుడైన కార్ల్ లిండే. ఆవిరియంత్రము బొగ్గునందలి వేడిలో పదింట ఒక వంతునైనను సరిగా పనిగా మార్చజాలదనియు, మిగిలినది పొగగొట్టమున పోవుననియు లిండే బోధించెను. సాడి కార్నో అను ఫ్రెంచివాడు 1824లోనే వేడిని పనిగా మార్చుటకు గల పరమావధిని నిరూపించియుండెను. ఉన్నదానికిని ఉండదగినదానికిని గల ఆ అంతరము డీజెల్ మనస్సును జీవితాంతము వదలలేదు.

లిండే వద్దనే ఉద్యోగము దొరికెను. పారిస్‌లో మంచుగడ్డల కర్మాగారమున పని, 1883లో మార్తాతో వివాహము, ముగ్గురు బిడ్డలు, 1890లో బెర్లిన్‌కు మార్పు. పగలు కొలువు, రాత్రి యంత్రపు లెక్కలు. అమ్మోనియా ఆవిరితో నడచు యంత్రమునకై యేండ్ల తరబడి శ్రమించి విఫలుడై, ఎట్టకేలకు అణచిన వేడిగాలి ఆలోచనకు వచ్చెను. 1892 ఫిబ్రవరిలో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. మరుసటి యేడు సిద్ధాంతమును పుస్తకముగా ప్రకటించెను.

ఈ సిద్ధాంతమున అతడు కోరిన ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి 250 రెట్లు! ఆనాటి ఇనుము దానికి ఎట్లు ఓర్చును? కాగితముమీది ఆ యంత్రము తన్ను తాను తిప్పుకొనుటకే తన బలమంతయు వ్యయపరచుకొనునని విమర్శకులు ఎత్తిపొడిచిరి. అందు సత్యమును లేకపోలేదు. డీజెల్ మొండివాడైనను మూర్ఖుడు కాడు. ఒత్తిడిని మెట్టు మెట్టుగా తగ్గించుకొనుచు వచ్చెను. చివరకు నడచిన యంత్రమునకు ముప్పది చిల్లర రెట్లే చాలెను. పేటెంటులో వ్రాసిన యంత్రము వేరు, నడచిన యంత్రము వేరు అని ప్రత్యర్థులు అతనిని కడవరకు వేధించుటకు కారణమిదియే.

ఆగ్స్‌బర్గ్ యంత్రశాల అధిపతి హైన్‌రిక్ ఫాన్ బూత్స్, ఉక్కు వ్యాపారులైన క్రుప్ సంస్థవారు ప్రయోగముల ఖర్చు భరించుటకు ఒప్పుకొనిరి. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి యంత్రమున చమురు చిమ్మగా అది మండెను. ఒత్తిడి ఒక్కపెట్టున 80 రెట్లకు లేచి, దానిని కొలుచు పరికరము పగిలి ముక్కలు ఎగిరెను. యంత్రము నడువలేదు, కాని మండినది! డీజెల్‌కు కావలసిన సాక్ష్యము అదియే. 1894 ఫిబ్రవరి 17న రెండవ యంత్రము సుమారొక నిమిషము తనంత తాను తిరిగెను. సరిగా మూడేండ్లకు, 1897 ఫిబ్రవరి 17న, ఆచార్య మోరిట్స్ ష్రోటర్ అధికార పరీక్ష జరిపి, చమురునందలి వేడిలో 26.2 శాతము పనిగా మారుచున్నదని తేల్చెను. ఆవిరియంత్రము పదింట ఒక వంతునకై తంటాలు పడుచున్న దినములవి! కాని ఆ యంత్రపు శక్తి దాదాపు 20 అశ్వములు మాత్రమే. తూకమో, నాలుగున్నర టన్నులు. ఆదా ఎంతటిదో భారమును అంతటిదే.

కీర్తి ఒక్కసారి వచ్చిపడెను. అమెరికా హక్కులను బీరు వ్యాపారి అడోల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొనెను. డీజెల్ లక్షాధికారి అయ్యెను. మ్యూనిక్‌లో గొప్ప భవనము కట్టించెను. అయితే పరీక్షాగారమున ఆరితేరిన ఇంజనీర్ల చేతిలో నడచినది సామాన్య పనివాని చేతిలో నడువలేదు. కొన్నవారు యంత్రములను తిప్పిపంపిరి. అతని పేర ఆగ్స్‌బర్గ్‌లో పెట్టిన కర్మాగారము నిలువలేదు. డీజెల్ నరముల నీరసముతో చికిత్సాలయమున పడెను. యంత్రమును ఆగ్స్‌బర్గ్ ఇంజనీర్లు ఓపికతో సంస్కరించి నిలబెట్టిరి. తాను సంపాదించిన సొమ్మును డీజెల్ భూముల బేరములలోను చమురుబావులలోను పెట్టి పోగొట్టుకొనెను. వేడి లెక్కలో దశాంశము జారనీయనివాడు రూకల లెక్కలో ఇంతటి అజాగరూకుడగుట వింత. ఇతరులు తన లెక్కలను శంకించినపుడు వారే తప్పని తేలుట ఒకసారి చూచినవానికి, ఇక ఎన్నడును తానే సరియను నమ్మకము కుదిరియుండునని నాకు తోచును.

అతని మరియొక కల ఇంతకంటె కరుణమైనది. పెద్ద కర్మాగారముల ఆవిరియంత్రములు చిన్న పనివానిని మింగుచున్నవనియు, చిన్న వడ్రంగికి, నేతవానికి తన గుడిసెలోనే నడుపుకొన దగిన చిన్న యంత్రము దొరికినచో అతడు స్వతంత్రుడై బ్రతుకుననియు డీజెల్ ఆశించెను. కార్మికుల పరస్పర సహాయమునుగూర్చి 1903లో ఒక గ్రంథమును వ్రాసెను. దానిని కొన్నవారు స్వల్పము. యంత్రమో, చిన్నవాని గుడిసెకు పోక పెద్దవాని కొలువు చేరెను. కారణము గిట్టుబాటే. అంత వెల పోసి కొన్న యంత్రము రేయింబవళ్లు తిరుగనిదే పెట్టుబడి రాదు. విద్యుత్కేంద్రములు, గనులు, ఓడలు దానిని రేయింబవళ్లు త్రిప్పెను. 1912లో సెలాండియా అను డేనిష్ ఓడ డీజిలు యంత్రములతో కోపెన్‌హాగెన్ నుండి తూర్పు సముద్రములకు బయలుదేరినపుడు, పొగగొట్టము లేని ఆ పెద్ద ఓడను రేవులలో జనులు వింతగా చూచిరి.

సరకుబండిని మాత్రము డీజెల్ మరువలేదు. 1908 ప్రాంతమున స్విట్జర్లాండులోని సాఫిర్ సంస్థతో కలిసి మోటారుబండికి తగిన చిన్న యంత్రమును చేయించెను. అది ఫలింపలేదు. ఆనాడు చమురును లోనికి నెట్టుటకు అణచిన గాలి కావలసియుండెను. ఆ గాలిని అణచుటకు వేరొక యంత్రము. తనను మోయుచు, తన సేవకుని గూడ మోయుచు బండి ఇక సరకు నేమి మోయును?

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము డీజెల్ లండనులో జరుగు కంపెనీ సమావేశమునకై ఆంట్‌వర్ప్ రేవున డ్రెస్డెన్ అను ఓడ నెక్కెను. తోడివారితో భోజనము చేసి, ఉదయము 6-15కు లేపుడని చెప్పి, పది గంటల వేళ గదికి పోయెను. తెల్లవారుసరికి గదిలో లేడు. పక్క నలగలేదు. అతని టోపీయు, మడచిన పైకోటును ఓడ వెనుక కటకటాలకడ దొరకెను. పదిదినములకు ఒక డచ్చి పడవవారికి సముద్రమున శవము కనబడగా, జేబులలోని వస్తువులను మాత్రము తీసికొని శవమును నీటికే వదలిరి. ఆ వస్తువులు తన తండ్రివని కుమారుడు యూజెన్ గుర్తించెను. ప్రయాణమునకు ముందు భార్యకు ఒక సంచినిచ్చి వారము గడచినపిమ్మట తెరువుమని చెప్పియుండెను. అందు కొంత నగదును, బ్యాంకులలో ఇంకేమియు మిగులలేదని తెలుపు కాగితములును ఉండెను. శత్రువులు చంపిరని పత్రికలు కట్టిన కథలు అనేకములు. ఆ సంచిలోని కాగితములను తలచినపుడు నాకా కథలపై నమ్మకము కుదురదు.

అతడు చేయలేనిదానిని ఇతరులు పూర్తిచేసిరి. గాలి సాయము లేక చమురును నేరుగా చిమ్ము విధానములు కుదిరి, 1923, 1924 సంవత్సరములలో బెంజ్, మాన్ సంస్థలు డీజిలు లారీలను తెచ్చెను. 1927లో బాష్ సంస్థ చిమ్ముపంపును విరివిగా తయారుచేయుట మొదలిడెను. 1936లో మెర్సిడెస్ కారులోనికిని ఆ యంత్రము ప్రవేశించెను. అమెరికాలో 1989 నాటి డాడ్జ్ పికప్పునకు కమిన్స్ డీజిలు యంత్రము అమర్చబడినపుడు, రైతులు, కట్టడపు పనివారు దానికై ఎగబడిరి. అది వారికి వేగమునకై కాదు, బరువు లాగుటకు. మన పల్లెలలో విద్యుత్తు రాకమునుపు బావుల గట్లమీద టకటకలాడిన ఆయిలింజనులను, ధాన్యపు మరలను త్రిప్పినవానిని జ్ఞాపకము చేసికొనుడు. ఐదారు అశ్వముల ఆ చిన్న యంత్రము గట్టుమీద నిలిచిన నాడు డీజెల్ కల మన చేలలో కొంత పండినదనవచ్చును.

మొదటి ప్రశ్నకు వత్తము. ఒక డీజిలు పికప్పునకు లక్ష రూపాయలు అదనమనియు, దానిచే కిలోమీటరునకొక రూపాయి మిగులుననియు అనుకొందము. లక్ష కిలోమీటర్లు తిరిగిననాటికి పెట్టినది వచ్చును. దినమునకు 200 కిలోమీటర్లు సరకు తోలువానికి అది 500 దినముల మాట. దినమునకు 20 కిలోమీటర్లు ఊరిలో తిరుగువానికి 5000 దినములు; అనగా పదమూడేండ్లు దాటును. పైగా మన దేశమున 2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన ఆరవ భారత ప్రమాణము వలన పొగమసిని పట్టు జల్లెడలు, విషవాయువుల నణచు పరికరములు డీజిలు బండ్లకు తప్పనిసరి యయ్యెను. ఆ జల్లెడ శుభ్రపడుటకు యంత్రము చాలసేపు వేడెక్కి పరుగెత్తవలెను. సందులలో నాలుగడుగులు వేసి ఆగు బండిలో అది మసితో మూసికొనిపోవును. ఆ ప్రమాణము వచ్చిననాడే మారుతి సంస్థ డీజిలు కారులను మానుకొనెను. అమెరికాలో పరీక్షలను మోసగించినట్లు 2015లో ఫోక్స్‌వాగన్ బయటపడుటయు ఈ శుద్ధి ఖర్చును తప్పించుకొనబోయిన కథయే. మరియొకవైపు, 2016లో మన శ్రీసిటీలో ఇసుజు సంస్థ తెరచిన కర్మాగారమునుండి డీజిలు పికప్పులు వెలువడినవి. బరువు మోయువానికి వాని అవసరము తీరలేదు.

కాబట్టి బండి కొనువాడు యంత్రమును చూచుటకు ముందు తన దినచర్యను చూచుకొనవలెను. నెల్లూరునుండి చెన్నపట్టణమునకు రాత్రికి రాత్రి చేపలు తోలువాడు డీజిలు బండి కొనవచ్చును. ఊరిలోనే నాలుగు దుకాణములకు నీళ్ల డబ్బాలు వేయువానికి ఆ అదనపు లక్ష దండుగ.