పగను వదిలి అడవిని పెంచిన పునీతుడు

తిరుసభ పునీతుల పట్టికలో జూలై 12వ తేదీ పునీత యోహాను గ్వాల్బెర్టు గారి రోజు. మన విచారణల్లో ఈ పేరు పెట్టుకున్నవారు చాలా అరుదు. ఇటలీ దేశంలో మాత్రం అడవులను కాపాడేవారు, చెట్లు నాటేవారు, కలప కొట్టేవారు ఆయనను తమ పాలక పునీతునిగా గౌరవిస్తారు. 1951లో పన్నెండవ పయస్ పోపుగారు ఆ దేశపు అటవీ ఉద్యోగులను ఆయన సంరక్షణలో ఉంచారు. కత్తి పట్టి పెరిగిన ఒక ప్రభువుల ఇంటి బిడ్డ అడవుల పునీతుడు ఎలా అయ్యారో తెలుసుకోవడం మనకు మేలు చేస్తుంది.

పదవ శతాబ్దం చివరి రోజుల్లో ఫ్లోరెన్సు నగర ప్రాంతంలో ఒక ధనిక కుటుంబంలో యోహాను జన్మించారు. ఆ కాలంలో ప్రభువుల ఇళ్ళలో మగబిడ్డకు గుర్రపు స్వారీ, కత్తి సాముతో పాటు నేర్పే మరో విద్య ఉండేది. అది పగ. ఇంటివాడిని ఎవరైనా చంపితే, చంపినవాడిని చంపేదాకా ఆ ఇంటి పరువు నిలవదని అందరూ నమ్మేవారు. యోహాను యువకుడిగా ఉన్నప్పుడే ఆ ఇంట్లో హత్య జరిగింది. చనిపోయినవాడు ఆయన సొంత సోదరుడేనని సంప్రదాయం చెబుతుంది. రక్తానికి రక్తం తీర్చుకునే భారం యోహాను మీద పడింది.

ఒక పవిత్ర శుక్రవారం నాడు ఆయన ఆయుధాలు ధరించి అనుచరులతో వెళ్తుండగా, ఒక ఇరుకు దారిలో ఆ హంతకుడు ఎదురయ్యాడు. పక్కకు తప్పుకునే చోటు లేదు, పారిపోయే వీలు లేదు. యోహాను కత్తి దూశారు. ఆ మనిషి గుర్రం దిగి, మోకాళ్ళ మీద పడి, సిలువ ఆకారంలో చేతులు చాచి, ఆనాడు మరణించిన క్రీస్తు ప్రభువు పేరిట ప్రాణభిక్ష అడిగాడు. చంపడానికి యోహానుకు బలం ఉంది, అవకాశం ఉంది, లోకం ఒప్పుకునే హక్కు కూడా ఉంది. ఆ హక్కునే ఆయన వదులుకున్నారు. కత్తి దించి ఆ మనిషిని లేవనెత్తి పంపివేశారు.

అక్కడి నుండి ఆయన కొండ మీద ఉన్న సాన్ మినియాతో మఠ దేవాలయంలోకి వెళ్ళి సిలువ ముందు మోకరించారు. సిలువ మీది ప్రభువు తల ఆయన వైపు వంగిందని భక్తులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ సిలువ ఇప్పుడు ఫ్లోరెన్సు నగరంలోని పవిత్ర త్రిత్వ దేవాలయంలో ఉంది. యోహాను మాత్రం మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు. మఠంలో చేర్చుకోమని వేడుకున్నారు. తండ్రి కోపానికి జంకి మఠాధిపతి వెనుకాడితే, ఆయన తన జుట్టు తానే కత్తిరించుకుని సన్యాస వస్త్రం తొడుక్కున్నారు.

లోకాన్ని విడిచి వచ్చిన చోట కూడా ఆయనకు లోకమే ఎదురైంది. కొన్నేళ్ళ తర్వాత కొత్త మఠాధిపతి డబ్బు చెల్లించి ఆ పదవిని కొనుక్కున్నాడని తెలిసింది. దేవుని వరాలను సంతలో సరుకులా అమ్మడం, కొనడం ఆనాటి తిరుసభను తినేస్తున్న జబ్బు. యోహాను నగరంలో నలుగురూ కూడే చోట నిలబడి ఆ తప్పును బయటపెట్టారు. ఆ తర్వాత అక్కడ ఉండలేక, మరింత కఠినమైన జీవితాన్ని వెతుక్కుంటూ బయలుదేరారు. పునీత రోముఆల్దు గారు కమాల్దోలి అడవిలో స్థాపించిన ఆశ్రమంలో కొంతకాలం ఉన్నారు. అక్కడి పెద్దలు ఆయనలోని పిలుపును గుర్తించి, సొంతంగా ఒక మఠాన్ని స్థాపించమని ప్రోత్సహించారు.

సుమారు 1036లో ఆయన ఫ్లోరెన్సుకు తూర్పుగా దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో, ప్రాతోమాఞో కొండల వాలులో ఒక చోటికి చేరారు. అది సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. చలి ఎక్కువ, దారులు తక్కువ. అప్పటికే ఇద్దరు ఏకాంతవాసులు అక్కడ తపస్సు చేసుకుంటున్నారు. ఆ చోటు వల్లోంబ్రోసా అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. నీడల లోయ అని దాని అర్థం. మొదటి రోజుల్లో ఆయన ఒక బీచ్ చెట్టు కింద తలదాచుకున్నారని, ఆ చెట్టు మిగతా చెట్లకన్నా ముందు చిగురించేదని అక్కడివారు చెప్పుకుంటారు. 1039లో సమీపంలోని కన్యల మఠాధిపతిని ఇత్తా గారు ఆ భూమిని సన్యాసులకు దానం చేశారు. 1055లో రెండవ విక్టర్ పోపుగారు వారి సభను ఆమోదించారు.

పునీత బెనెడిక్టు గారి నియమావళిని ఉన్నది ఉన్నట్టు పాటించాలని యోహాను పట్టుబట్టారు. ప్రార్థన, పని, మౌనం, పేదరికం. బయటి పనులు, మఠపు అవసరాలు చూసుకోవడానికి గృహస్థులను సోదరులుగా చేర్చుకునే పద్ధతిని మొదట ప్రవేశపెట్టినవారిలో ఆయన ఒకరు. మఠం గుమ్మం తొక్కిన పేదవాడిని వట్టి చేతులతో పంపేవారు కాదు. కరువు రోజుల్లో మఠపు గాదెలు ఖాళీ అయ్యేదాకా పంచిపెట్టారు. తాను మాత్రం గురుపట్టానికి అర్హుడిని కానని భావించి, చివరిదాకా గురువు కాకుండానే ఉండిపోయారు.

ఆయన మనసు తెలియాలంటే రెండు సంఘటనలు చాలు. ఒక వ్యక్తి తన ఆస్తినంతా మఠానికి రాసిచ్చాడు. మఠానికి అది లాభమే. కానీ ఆ దానం వల్ల వారసులకు అన్యాయం జరిగిందని తెలిసి, యోహాను ఆ పత్రాన్ని తెప్పించి చింపివేశారు. మరొకసారి మొస్కేతా అనే చోట తమ మఠాధిపతి పెద్ద పెద్ద భవనాలు లేపడం చూసి ఆయన నొచ్చుకున్నారు. పేదల నోటికి అందవలసిన సొమ్ము రాళ్ళపాలైందని మందలించి, పక్కన పారుతున్న చిన్న వాగు వైపు తిరిగి ప్రార్థించారట. ఆ వాగు పొంగి, కొండరాళ్ళను చెట్లను దొర్లించుకువచ్చి ఆ కట్టడాలను కూల్చివేసిందని పునీతుని చరిత్ర చెబుతుంది. ఈ కథను ఎవరు ఎలా నమ్మినా, తన తాహతు మరచి కట్టినదాన్ని వాగు తిరిగి తీసుకుంటుందన్న సంగతి మనకు కొత్త కాదు.

పదవులు కొనేవారితో ఆయన పోరాటం చివరిదాకా సాగింది. ఫ్లోరెన్సు పీఠాధిపతి కూడా డబ్బుతో ఆ స్థానం సంపాదించాడని సన్యాసులు ఆరోపించారు. 1068లో ఆ వాదం నిజమని నిరూపించడానికి పేతురు అనే సన్యాసి జనం ముందు మంటల మధ్య నుండి నడిచి క్షేమంగా బయటపడ్డాడని చెబుతారు. ఆ పీఠాధిపతి పదవి పోయింది. యోహాను 1073 జూలై 12న పాస్సిఞానో మఠంలో ప్రభువులో నిద్రించారు. 1193లో మూడవ సెలెస్టిన్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇక అడవి సంగతి. యోహాను, ఆయన శిష్యులు మఠం చుట్టూ చెట్లు పెంచారు. తర్వాతి తరాల సన్యాసులు ఆ పనిని శాస్త్రంలా సాగించారు. సూదుల్లాంటి ఆకులతో నిటారుగా పెరిగే ఫర్ చెట్లు వారికి ముఖ్యం. దూలాలకు, ఓడ స్తంభాలకు ఆ కలప పనికివస్తుంది. దిగువన చెస్ట్‌నట్ చెట్లు ఉండేవి. ఆ కాయల పిండే ఆ కొండల్లో పేదలకు రొట్టె. సన్యాసులు చెట్లు కొట్టలేదని కాదు, కొట్టారు. అయితే ఒక తావులో కొట్టినచోట మళ్ళీ మొక్కలు నాటేవారు. ఫర్ చెట్టు కోతకు రావాలంటే దాదాపు నూరేళ్ళు పడుతుంది. అంటే నాటిన సన్యాసి ఆ చెట్టు దూలం కావడం చూడడు. ముఖం తెలియని ఒక సోదరుని కోసం ఆయన గొయ్యి తవ్వాడు. ఇలా ఒక తరం కాదు, ఎనిమిది వందల ఏళ్ళు.

1866లో ఇటలీ ప్రభుత్వం మఠాలను రద్దు చేసి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. వల్లోంబ్రోసా అడవి ప్రభుత్వపరమైంది. 1869లో ఇటలీలో మొట్టమొదటి అటవీ విద్యాలయాన్ని ఆ మఠ భవనంలోనే ప్రారంభించారు. చెట్ల పాఠం చెప్పడానికి ప్రభుత్వానికి అంతకన్నా తగిన చోటు దొరకలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో సన్యాసులు మఠానికి తిరిగి వచ్చారు గాని, అడవి మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. 1977లో దాదాపు 1,270 హెక్టార్లను, అంటే మూడువేల ఎకరాలకు పైగా, రక్షిత అడవిగా ప్రకటించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. శతాబ్దాల పాటు ఒకే జాతి చెట్లను, ఒకే వయసువి, వరుసలుగా పెంచిన అడవి చూడటానికి దేవాలయంలా ఉంటుంది కాని గాలికి తట్టుకోలేదు. 2015 మార్చి 5న టస్కనీ ప్రాంతాన్ని పెనుగాలి కుదిపివేసినప్పుడు వల్లోంబ్రోసాలో చెట్లు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. అయితే దానికి ముందే అక్కడి అటవీ పండితులు ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. సన్యాసుల పాత పద్ధతిని గుర్తుగా ఒక భాగంలో మాత్రం కొనసాగించాలి. మిగతా అడవిని మెల్లమెల్లగా తన దారిన పెరగనివ్వాలి. బీచ్, చెస్ట్‌నట్, ఇతర చెట్లు వాటంతటవే మొలిస్తే మొలవనివ్వాలి. మనిషి నాటినదాన్ని మనిషే కొంత వెనక్కి తగ్గి ప్రకృతికి అప్పగించడం ఇది.

ఆ కొండల్లో మరొకరు కూడా తిరిగి వచ్చారు, తోడేళ్ళు. 1970 ప్రాంతంలో ఇటలీ అంతటా సుమారు నూరు మాత్రమే మిగిలాయని లెక్కగట్టి, చట్టంతో వాటిని కాపాడారు. 2020-21 లెక్కల ప్రకారం అవి సుమారు 3,300. అడవికి ఇది మంచి కబురే, గొర్రెలు పోగొట్టుకున్న కాపరికి మాత్రం నష్టం. అందుకే మందకు తోడుగా తెల్లని కాపలా కుక్కలను పెంచుతున్నారు, నష్టపరిహారం ఇస్తున్నారు. పట్నంలో కూర్చున్నవారు ప్రకృతిని ప్రేమిస్తే చాలదు. ఆ ప్రేమకయ్యే ఖర్చును కొండ మీది పేదవాడి నెత్తిన మాత్రమే మోపడం న్యాయం కాదు. గాదె ఖాళీ చేసి పేదలకు పంచిన యోహాను గారు కూడా ఇదే చెబుతారు.

ఇప్పుడు ఈ జీవితాన్ని మొత్తంగా ఒకసారి చూద్దాం. ఇరుకు దారిలో శత్రువును వదిలివేయడం, వారసుల ఆస్తి పత్రాన్ని చింపడం, తాను చూడని చెట్టును నాటడం మూడు వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి. లోతుగా ఆలోచిస్తే మూడూ ఒక్కటే. తనకు హక్కు ఉన్నదంతా వసూలు చేయకపోవడం. పగ తీర్చుకునేవాడు తనకు రావలసినదంతా ఇప్పుడే కావాలంటాడు. అడవిని మొదలంటా నరికేవాడూ అదే అంటాడు. వాడి మాట చట్టం ప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ ఎదుటివాడికి, రేపటివాడికి, నోరులేని జీవికి కొంత వదిలిపెట్టనివాడి చేతిలో ఏ ఊరూ ఎక్కువ కాలం నిలవదు. ఆస్తి ఒకరి చేతిలో ఉన్నా, దాని ఫలం నలుగురి అవసరానికి అందాలని పునీత తోమా అక్వినాసు గారు బోధించారు. ఆ నలుగురిలో ఇంకా పుట్టనివారు కూడా ఉన్నారని 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు తమ లౌదాతో సీ లేఖలో గుర్తుచేశారు.

ప్రియమైన విశ్వాసులారా, పవిత్ర శుక్రవారం నాడు మనం సిలువను ముద్దుపెట్టుకుంటాము. గట్టు తగాదాలో పంతం పట్టిన సోదరునికి ఆ రోజే కబురు పంపగలమా? గుడి ఆవరణ అంతా సిమెంటు చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు, పాత వేపచెట్టునూ దాని కింద నాలుగు గజాల మట్టినీ వదలగలమా? చెరువు కట్ట మీది మొక్కల్ని మొలిచినవి మొలిచినట్టు బతకనివ్వగలమా? చిన్న పనులే కావచ్చు. యోహాను గారు చేసింది కూడా ఆ రోజు చూసినవారికి చిన్న పనే. ఒక మనిషి ఎత్తిన కత్తిని దించాడు, అంతే. దాని నీడలో వెయ్యేళ్ళుగా ఒక లోయ పచ్చగా ఉంది.