రుడాల్ఫ్ షోన్‌హైమర్
రుడాల్ఫ్ షోన్‌హైమర్ (మే 10, 1898 - సెప్టెంబర్ 11, 1941) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన జీవరసాయన శాస్త్రవేత్త. దేహంలోని ప్రొటీన్లు (మాంసకృత్తులు) నిరంతరం విచ్ఛిన్నమవుతూ, తిరిగి నిర్మితమవుతూ ఉంటాయని ఇతడు నిరూపించాడు.

జీవితం
షోన్‌హైమర్ బెర్లిన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1922లో అక్కడే వైద్యవిద్య పూర్తిచేసి, లైప్జిగ్‌లో జీవరసాయన శాస్త్రం అభ్యసించాడు. ఫ్రైబర్గ్‌లో లుడ్విగ్ అషాఫ్ వద్ద కొలెస్టరాల్‌పై పరిశోధించాడు. 1933లో నాజీలు అధికారానికి రావడంతో స్వదేశం విడిచి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు.

పరిశోధనలు
దేహం యంత్రం వంటిదని, ఆహారంలోని ప్రొటీను చాలావరకు ఇంధనంగా ఖర్చవుతుందని, కొద్ది భాగమే అరుగుదలను పూడుస్తుందని అప్పటి శాస్త్రజ్ఞులు భావించేవారు. ఆహారం ద్వారా వచ్చిన పరమాణువులను దేహంలో ముందే ఉన్నవాటి నుండి వేరుగా గుర్తించే మార్గం లేనందున ఈ భావనను పరీక్షించడం కష్టమయ్యేది.

కొలంబియాలోనే హెరాల్డ్ యూరీ 1931లో డ్యుటీరియంను (భార ఉదజని) కనుగొన్నాడు. యూరీ శిష్యుడైన డేవిడ్ రిటెన్‌బర్గ్‌తో కలసి షోన్‌హైమర్ మొదట డ్యుటీరియంతో కొవ్వులను, తరువాత నత్రజని-15తో ఎమినో ఆమ్లాలను గుర్తుపెట్టాడు. అలా గుర్తుపెట్టిన టైరోసిన్‌ను ఎదిగిన ఎలుకలకు ఆహారంలో ఇవ్వగా, ఆ నత్రజనిలో సుమారు సగం మాత్రమే మూత్రంలో కనిపించింది. మిగిలినదానిలో అధికభాగం దేహ ప్రొటీన్లలో చేరింది. అయినా ఎలుకల దేహంలోని మొత్తం ప్రొటీను పెరగలేదు. అనగా కొత్త ప్రొటీను చేరినంత మేర పాతది విచ్ఛిన్నమైపోయిందన్నమాట. 1939లో సారా రాట్నర్, రిటెన్‌బర్గ్‌లతో కలసి ఈ పరిశోధనలను ప్రచురించాడు.

మరణం
1941లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు ఇవ్వవలసి ఉండగా, 43వ ఏట ఆత్మహత్య చేసుకున్నాడు. అతడు సిద్ధపరచిన ఉపన్యాసాలు 1942లో పుస్తకంగా వెలువడ్డాయి.

తదనంతర పరిణామాలు
ప్రొటీన్లు విచ్ఛిన్నమవుతాయని షోన్‌హైమర్ చూపినా, ఏ ప్రొటీను ఎప్పుడు తొలగాలో కణం ఎలా నిర్ణయిస్తుందన్నది అప్పటికి తెలియదు. తొలగించవలసిన ప్రొటీనుకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీను గుర్తుగా అతుక్కుంటుందని కనుగొన్నందుకు ఆరన్ సీకనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గుర్తు ఉన్న ప్రొటీనును ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది.

ఈ వ్యవస్థను రసాయనాలతో కోరిన ప్రొటీను వైపు మళ్ళించే ప్రొటాక్ అణువులను క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషాయిస్ బృందాలు 2001లో ప్రకటించాయి. ప్రొటాక్ అణువు ఒక కొస లక్షిత ప్రొటీనును, రెండవ కొస యుబిక్విటిన్‌ను అతికించే ఎంజైమును పట్టుకుంటుంది. దీనివలన జన్యువును మార్చకుండానే సజీవకణంలో ఒక ప్రొటీనును కొన్ని గంటలలో తొలగించి, దాని లోపం వలన కలిగే మార్పులను పరిశీలించడం సాధ్యమైంది.